ఆ విమానానికి తలుపు పెద్దది చేశాం

మా బావ, అంటే మా అక్క మొగుడు, నేను కలిసి, మేం వలస వచ్చిన గుజరాతీ ఊళ్లో, పాండేసరలో, బట్టలకు రంగులద్దే మిల్లులకు పైపులు అతికే పని చేస్తాం. మా నాన్న అదే ఊళ్లో గోడాదరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఆ దూది దుమ్ము నాకు పడక వెల్డింగు నేర్చుకున్నాను. ఆవిరి పైపులూ నీళ్ల పైపులూ తప్ప వేరే పని ఎరగని మా చేతుల్లోకి ఒక విమానం వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అది అడాజన్‌లో ఉండే ఒక గుజరాతీ పెద్దాయనది. డెబ్బై దాటాయి. వయసులో ఉండగా విమానాలు నడిపాడట. మేం కాకా అనేవాళ్లం. ఊరవతల చెరకు తోటల మధ్య ఆయనకొక రేకుల షెడ్డు ఉంది. అందులో ఇద్దరు మాత్రమే పట్టే పాత విమానం, నాకంటే వయసులో పెద్దది. రెక్కలు పైన, ఒంటికంతా గుడ్డ, ఆ గుడ్డ కింద సన్నటి ఉక్కు పైపుల చట్రం. తలుపు ఒక్కటే, కుడివైపు. ఆ తలుపు చోటులో కింది మూలకు అడ్డంగా ఒక ఏటవాలు పైపు ఉండేది. కాకా కుడి మోకాలికి ఆపరేషన్ అయింది, కాలు వంగదు. ఆ పైపు దాటించి కాలు లోపల పెట్టలేడు.

"ఈ ఒక్క పైపు తీసెయ్యండి భాయ్, కింది చట్రం నాలుగు వేళ్లు దించండి," అన్నాడు హిందీలో. "ఎగరడానికి కాదు. ఊరికే కూర్చుని, ఇంజన్ వేసి, ఈ మైదానంలో అటూ ఇటూ నడుపుకుంటాను."

బావ ఆ పైపును గోటితో కొట్టి చూశాడు. "గాజు లెక్క పల్చగున్నది బామ్మర్ది. గిది ఊకెనే పెట్టిండ్రా? ఏదో బరువు మోస్తనే ఉంటది."

"స్టాండ్ల మీద నిలబెట్టినం గద బావా, ఏం గాదు," అన్నాను.

కోసేముందు తలుపు చోటుకు లోపల నుంచి ఒక తాత్కాలిక ఊత వెయ్యాలి. మిల్లులో చిన్న పైపుకు కూడా వేస్తాం. ఆ రోజు వెయ్యలేదు. వద్దన్నది నేనే.

రంపంతో కోస్తున్నాను. ముప్పాతిక తెగాక రంపం కదలడం మానేసింది. పైపు దాన్ని రెండువైపులా కరిచి పట్టుకుంది. లాగినా రాలేదు. బావ "ఆగు, ఆగు" అంటుండగానే లోపల ఎక్కడో టక్కుమంది. మిగిలిన కాస్తా దానంతటదే తెగి, రెండు కొసలూ ఒకదాని పక్కకొకటి జారి నిలిచాయి. టేపు పెట్టి కొలిస్తే తలుపు చోటు ఒక మూల నుంచి మరో మూలకు వేలి మందం తగ్గింది. ఆ చోటును మేమెవరమూ నొక్కనే లేదు. తెగిన కొసలోంచి ఎర్రటి పొడి రాలి నా చెప్పు మీద పడింది. లోపలి తుప్పు.

చిన్న జాకీ పెట్టి చోటును మళ్లీ పాత కొలతకు తెచ్చాం. కాలికి అడ్డు రాకుండా వంపు తిప్పిన కొత్త పైపు వేసి అతికాం. కింది చట్రం దించాం. ఆ అతుకుల గురించి ఇప్పటికీ నాకు బెంగ లేదు. బెంగంతా మేం చెయ్యి పెట్టని పైపుల గురించే. బావ స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో పైపూ తడుతూ పోయాడు. అన్నీ గణగణమన్నాయి, సీటు కింద ఒకటి తప్ప. అది తడి మట్టిని కొట్టినట్టు మోగింది. మొన పెట్టి నొక్కితే సగం లోపలికి దిగింది.

కాకాను పిలిచి చూపించాం. ఆయన వంగలేక, నిలబడే కాసేపు చూశాడు.

"రంగు వేసెయ్యండి," అన్నాడు.

బావ స్క్రూడ్రైవర్ తుడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక నాతో, "లోపట ఇంకెన్ని గిట్ల ఉన్నయో ఎవనికెరుక? నేనైతే ఇగ రాను. నువ్వు గూడ రాకు," అన్నాడు.

నేను వెళ్లాను. రంగు కూడా నేనే వేశాను. పెద్దాయన ముఖం చూసి కాదనలేకపోయాననుకునేవాణ్ని. నిజం అది కాదు. విమానం పని చేశానని మనవాళ్ల దగ్గర చెప్పుకోవాలన్న ఆశ.

వానలు కాస్త తెరిపిచ్చాక ఒక ఉదయం కాకా పిలిచాడు. షెడ్డు దగ్గర నేనూ, కావలి అతనూ ఉన్నాం. కాకా కాలు చాపినట్టే లోపల పెట్టి, సీట్లో సర్దుకుని, మా వైపు చూసి నవ్వాడు. తలుపు చక్కగా పడింది. ఇంజన్ అందుకుంది. విమానం మెల్లగా మైదానం చివరిదాకా వెళ్లింది. తిరిగేటప్పుడు అనుకున్నదానికంటే వేగంగా తిరిగింది. ఎడమ చక్రం మెత్తటి నేలలో కూరుకుపోయింది. ఎడమ రెక్క కొస నేలకు తగిలి, విమానం ఒళ్లంతా ఒక్క మెలిక తిరిగి ఆగిపోయింది.

మేం చేరేసరికి కాకా ఇంజన్ ఆపేశాడు. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. ఎక్కడో బొట్లు పడుతున్న చప్పుడు. తలుపు పిడి తిప్పాను. తిరగలేదు. తలుపు చోటు పక్కకు వాలి తలుపును బిగించేసింది. లోపల కాకా రెండు అరచేతులతో అద్దాన్ని తోస్తున్నాడు. ఏదో అంటున్నాడు, వినబడడం లేదు. భుజంతో లాగాను, కాలు తన్నిపెట్టి లాగాను. ఇనుప గడ్డపార కోసం చూశాను, కానీ ఆ వాసనలో ఇనుము మీద ఇనుము కొట్టడానికి ధైర్యం రాలేదు.

అప్పుడు జాకీ పెట్టి చోటు తెరిచిన సంగతి తట్టింది. "రెక్క లేపు! ఎడమ రెక్క లేపు!" అని కావలి అతనికి హిందీలో అరిచాను. అతను కింద దూరి వీపుతో ఎత్తాడు. చట్రం కీచుమంది. పిడి తిరిగింది. కాకా చంకల కింద చేతులు వేసి, ఆ వంగని కాలితో సహా బయటికి లాగాను. చెరకు గట్టు దాకా ఈడ్చుకుపోయి కూర్చోబెట్టాను. మంట లేవలేదు. ఎందుకు లేవలేదో తెలియదు.

మా అతుకులు నిలిచాయి. సీటు కింది పైపు నిలువునా చీలింది, నా రంగు కిందే.

కాకా నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని అన్న మొదటి మాట: "కొత్త పైపు వేద్దాం భాయ్."

"గుడ్డంతా విప్పాలి కాకా. విమానాల ఇంజనీరు వచ్చి ప్రతి పైపూ చూడాలి. లేకపోతే నేను ముట్టను," అన్నాను. ఆయన తల తిప్పి విమానం వైపు చూశాడు.

నెలన్నర తర్వాత అక్కడ వదిలేసిన మా వెల్డింగు గ్యాసు సిలిండరు తెచ్చుకోవడానికి వెళ్తే షెడ్డు ఖాళీగా ఉంది. ఎవరో ఉత్తరాది వాళ్లు లారీ తెచ్చి ఎక్కించుకుపోయారని కావలి అతను చెప్పాడు. పైపు ఎవరితోనో అతికించారట, మళ్లీ రంగు వేశారట. కొనడానికి వచ్చినవాళ్లు తలుపు చూసి ముచ్చటపడ్డారట, ఎక్కడం ఎంత సులువో అని.

కాకాకు ఫోన్ చేశాను. "అన్నీ చెప్పే ఇచ్చాను," అన్నాడు. ఏం చెప్పారని అడిగాను. ఫోన్ కట్ చేశాడు.

విమానం కొన్నవాళ్ల ఊరి పేరు కావలి అతనికీ తెలియదు. బావకు ఈ మాట చెబితే, అన్నం కలుపుతున్నవాడు చెయ్యి ఆపి, "ఎగురుతరా వాళ్లు?" అని మాత్రం అడిగాడు.