ర్యాంపు మీద చూసిన ఆయిలు

దసరా వెళ్లిన రెండో రోజు, సోమవారం పొద్దున్న, తాళ్లరేవు దాటుతుండగా మా కారు కుంటడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందుకు పోయినట్టే పోయి ఎవరో వెనక్కి లాగినట్టు ఆగుతోంది. ఇంజను వణుకు స్టీరింగులోకి వస్తోంది. అద్దంలో చూస్తే వెనకాల నీలంగా పొగ.

వెనక సీట్లో నా భార్య పడుకుని ఉంది. ఆమె కిడ్నీలు పాడై రెండేళ్లయింది. సోమవారం, గురువారం యానాం నుంచి కాకినాడ తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. తప్పితే ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడదు. మొదట్లో ఒకసారి కారు లేక ఆటోలో వెళ్లొచ్చాం. తిరిగొచ్చేటప్పుడు బీపీ పడిపోయి నా భుజం మీద వాలిపోయింది. పిలిస్తే పలకలేదు. ఆ రోజు నుంచి ఈ పాత బండి ఆగితే ఆమె ప్రాణం ఆగుతుందని నా భయం. రాత్రీ పగలూ అదే.

"ఏవండీ, పోనీ వెనక్కెళ్లిపోదామేటి?" అంది ఆమె.

"నోరు మూసుకుని పడుకో" అన్నాను.

అలా అనకూడదు. నా నోరే అంత. ముప్పై ఏళ్లు సైన్సు మాస్టారుగా పిల్లల మీద కేకలేసి రిటైరయ్యాను. ఇప్పుడు పిల్లలు లేరు కాబట్టి కేకలన్నీ ఆమెకీ, కారుకీ, మెకానిక్కుకీ పంచుతున్నాను.

ఎలాగో కాకినాడ చేరాం. ఆమెని లోపల మిషను దగ్గర పడుకోబెట్టి, నాలుగు గంటలూ ఆసుపత్రి బయట బోనెట్ ఎత్తుకుని నిలబడ్డాను. ఏదో తెలిసినవాడిలా ఆ వైరూ ఈ వైరూ కదిపి చూశాను. నా బొంద తెలుసు. తిరుగు ప్రయాణంలో సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి.

ఆ పొగ మాత్రం అప్పుడే పుట్టింది కాదు. నెలన్నర క్రితం అగ్రహారంలో మా మెకానిక్కు షెడ్డులో ఆయిలు మార్పించాను. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే ఆయిలు గేజి బయటికి లాగి చూడటం నా అలవాటు. గేజి అంటే సన్నటి ఇనప పుల్ల. దాని మీద రెండు గీతలుంటాయి, ఆయిలు ఆ రెంటి మధ్యా ఉండాలి. నేను ఎప్పుడు చూసినా కింది గీతకి దిగువే ఉంది. వెంటనే డబ్బా తీసి కాస్త పోసేవాణ్ణి. నాలుగు రోజులాగి చూస్తే మళ్లీ దిగువే. ఇంకాస్త పోసేవాణ్ణి. ఈలోగా పొగ మొదలైంది, ఇంజను కింద నల్లటి మరకలు పడ్డాయి. మెకానిక్కు నాసిరకం ఆయిలు పోసి నన్ను ముంచాడని తేల్చేసుకున్నాను. ఇప్పుడీ కుంటుడు కూడా వాడి పుణ్యమే అనుకున్నాను.

మంగళవారం పొద్దున్నే షెడ్డు మీద పడ్డాను. అక్కడ మరో ఇద్దరు బళ్లు ఇచ్చి నిలబడి ఉన్నారు. వాళ్ల ముందే అరిచాను.

"నువ్వు పోసింది ఆయిలా, కిరసనాయిలా? మా ఇంట్లో పరిస్థితి తెలుసు కదా! ఆవిడకేమన్నా అయితే నువ్వు బాధ్యుడివా?"

అతను నాకంటే పదేళ్లు చిన్న. ఇరవై ఏళ్లుగా నా బళ్లన్నీ చూస్తున్నవాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ అంతా విన్నాడు. మొహం మాత్రం ఎర్రబడింది.

"తిట్టడం అయిపోతే తాళం ఇలా ఇయ్యండి మాస్టారూ" అన్నాడు.

కారుని షెడ్డులో చదును నేల మీదికి తెచ్చి ఆపాడు. కాసేపాగి గేజి లాగాడు. తుడిచాడు, మళ్లీ దించి లాగాడు. నా కళ్ల ముందు పెట్టాడు. ఆయిలు పై గీత దాటి వేలెడంత పైకి ఉంది!

"ఇంత ఎవరు పోసేరండి?"

"నేనే. తగ్గిపోతోందని పోశాను."

"ఎక్కడెట్టి చూసేరండి?"

"మా ఇంటి దగ్గరే."

"ఆ ర్యాంపు మీదా?"

గోదారి రెండుసార్లు ఇంట్లోకి వచ్చి వెళ్లాక, మా వీధిలో అందరిలాగే మేమూ ఇల్లు ఎత్తు చేసుకున్నాం. ఆ ఎత్తుకి గేటు ముందు ర్యాంపు బాగా ఏటవాలుగా వచ్చింది. కారు ఎప్పుడూ ముక్కు పైకెత్తి ఆ ర్యాంపు మీదే ఉంటుంది. లోపల ఆయిలంతా వెనక్కి జారి ఉంటుంది. మా బండికి గేజి ముందువైపు. తక్కువ చూపించక ఏం చేస్తుంది? గిన్నె వంచితే నీళ్లు ఎటు పోతాయో ముప్పై ఏళ్లు పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన మనిషిని. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎక్కువైన ఆయిలు ఎక్కడికెళ్తదండి? రబ్బరు సీళ్లలోంచి కారుద్ది. కాస్త పైకెగదన్ని పెట్రోలుతో పాటు కాలుద్ది. అదేనండి మీ నీలం పొగ" అన్నాడు.

మరి ఆ కుంటుడు? అది వేరే, చూద్దామన్నాడు. ఇంజను ఆన్ చేయించి, ప్లగ్గులకు వెళ్లే వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. ఒకటోది పీకితే ఇంజను ఇంకా వణికింది. పెట్టేశాడు. రెండోదీ అంతే. మూడోది పీకితే ఏ మార్పూ లేదు. అంటే ఆ సిలిండరు ముందునుంచే పని చెయ్యడం లేదన్నమాట. బండి ఆపి, ఆ ప్లగ్గు కూర్చునే లోతు గుంటలోకి పుల్లకి చుట్టిన గుడ్డ దించి తీశాడు. గుడ్డ తడిసింది. పచ్చగా ఉంది. వాసన చూశాడు.

"మాస్టారూ, ఇది పసుపు నీళ్లండి. తడికి ఈ ప్లగ్గు నిప్పురవ్వ ఇవ్వట్లేదండి" అన్నాడు.

దసరా రోజు బండికి పూజ మా ఆవిడే చేసింది. కూర్చోవే అంటే వినలేదు. నన్ను మోసే బండి, నా చేత్తోనే కడుక్కుంటానంది. నేను కొబ్బరికాయ కోసం బజారుకెళ్లి వచ్చేసరికి బోనెట్ ఎత్తి ఇంజనుకి కూడా తలంటు పోసేసినట్టుంది. రోజుకి మూడు గ్లాసులకి మించి నీళ్లు తాగనివ్వరు ఆమెని. అలాంటి మనిషి బిందెలకి బిందెలు దాని నెత్తిన పోసింది. నవ్వొచ్చింది నాకు. ఆ వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి.

అతను ఎక్కువైన ఆయిలు తీసేశాడు. గుంటలో గాలి కొట్టి ఆరబెట్టి, ప్లగ్గు మార్చాడు. ఇంజను ఒకే తీరుగా పాడటం మొదలుపెట్టింది.

"తప్పు నాది. అందరి ముందూ నోరు పారేసుకున్నాను" అన్నాను.

"పోనిద్దురూ. అమ్మగారెలా ఉన్నారండి?"

"బానే ఉంది. బండి బాగుంటే చాలు, ఇంకేం భయం లేదు."

ఆ సంబరంతోనే ఇంటికొచ్చి, గేటు దగ్గర్నుంచే కేకేశాను. "ఇంజనుకి తలంటు పోశావేంటే మహాతల్లీ! అదే రోగం. పోయింది. గురువారానికి బండి రెడీ!"

అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. చేతులు ఆగాయి.

"బాగైపోయిందా?" అంది.

ఆ అడగడంలో సంతోషం లేదు. నేను చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడిపోయాను.

"కావాలని పొయ్యలేదండి. భక్తితోనే పోసేను" అంది. ఒడిలోని తొక్కలు పక్కకి దులిపింది. "కానీ నిన్న బండి ఆగిపోయేలా ఉంటే నా ప్రాణానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేనండి. ఈ పూటకి సూదులు తప్పినియ్యి అనుకున్నాను. మీరు ఆగకుండా లాక్కెళ్లిపోయేరు."

"మానేస్తే చచ్చిపోతావే!" అని అరిచాను.

"తెలుసండి."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"ఎలా చెప్పనండి? తెల్లారేసరికి మీరు ఆ బండిలో తల దూర్చి ఉంటారు. నాకోసమే కదా అంత కష్టపడుతున్నారు. నేను అలిసిపోయేనండీ అని ఏ నోటితో చెప్పను? మీరు ఎక్కు అంటారు, నేను ఎక్కుతున్నాను. వత్తావా అని ఒక్కసారన్నా అడిగేరా?"

అడగలేదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. రోజూ ఇంజను ఎలా ఉందో చూశాను గానీ, పక్కన ఉన్న మనిషికి ఎలా ఉందో చూడలేదు.

గురువారం పొద్దున్న తయారై, కారు దగ్గరికి వెళ్లకుండా ఆమె మంచం దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆమె దుప్పటి అంచు సరిచేశాను. చివరికి అడిగాను. "వెళ్దామా?"

ఆమె నా మొహంలోకి చూసింది. సూదుల మచ్చలతో ఉబ్బిపోయిన తన ఎడమ చేతిని చూసుకుంది. వద్దంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. బతిమాలనని మాత్రం నాకు నేనే ఒట్టు పెట్టుకుని వచ్చాను.

"ఈవేళ్టికి పదండి" అంది.

ఇప్పుడు ప్రతి సోమవారం, ప్రతి గురువారం అడుగుతున్నాను. ఇప్పటిదాకా ఈవేళ్టికి పదండి అనే అంటోంది. అడగడానికీ ఆ మాట రావడానికీ మధ్య కాస్త ఆలస్యమవుతుంది. ఆ కాసేపూ నేను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంటాను.