హారతి దాకా రాని పురాణం

మా సత్సంగంలో పురాణం చదవడం నా వంతు. హన్మకొండ బజారులో షట్టర్లు లేవకముందే పదిమందిమి కూర్చుంటాం. మూలం పుస్తకంలోంచి చదివి, అర్థం ఫోనులోంచి చదువుతాను. ఆ అర్థం రాసేది డోర్నకల్‌లో ఉండే రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన, తన బ్లాగులో. ఆయన్ని మాలో ఎవరూ చూడలేదు. ఫీడ్ రీడర్ అనే యాప్‌లో ఆ బ్లాగును ఒకసారి చేర్చి పెట్టాను. ఆయన కొత్తది రాసినప్పుడల్లా అదే తెచ్చి చూపించేది.

మొదలైన రోజే మా పెద్దమ్మ సంకల్పం చెప్పుకుంది: ఆయన చెప్పే అర్థంతో పురాణం పూర్తయి, హారతి ఇచ్చేదాకా రాత్రి అన్నం ముట్టనని. ఇంకా రెండు అధ్యాయాలు ఉండగా ఫీడ్‌లో కొత్తవి రావడం ఆగిపోయింది. ఆయనకు మెయిల్ రాశాను. జవాబు లేదు.

"ఇయ్యాలన్న అచ్చిందా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. మిగిలింది నేనే జెప్త, హారతి ఇద్దాం. నువ్వు జర తిను."

"నువ్వు ఉప్పు పప్పు అమ్ముకునేటోనివి, నువ్వేం జెప్తవ్?" అని నవ్వింది. "దేవునికాడ ఒకటనుకొని ఇంకోటి జేస్తనా?"

నెలలు గడిచాయి. ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నేను రోజూ దేవుణ్ణి అడిగి మరీ ఫీడ్ తెరిచేవాణ్ణి.

ఒక పొద్దున యాప్ ఆ బ్లాగు పక్కన వందకు పైగా కొత్తవి ఉన్నాయని చూపించింది. తెరిచి చూడకుండానే ఫోన్ చేశాను. "అచ్చినయ్ పెద్దమ్మా. హారతి పళ్ళెం తోముకొని రా."

చింతపండుతో తోమిన పళ్ళెం, కర్పూరం పట్టుకొచ్చింది. అందరి ముందూ తెరిచాను. మొదటి అధ్యాయం. తర్వాత రెండోది. అన్నీ మేం చదివినవే. బ్లాగు చిరునామా మారితే, పాతవన్నీ కొత్తవనుకొని తెచ్చింది యాప్. చివర ఒక్క వాక్యం మాత్రం కొత్తది: నాన్నగారు పోయాక ఆయన రాతలు పోకూడదని ఇక్కడికి మార్చామని పిల్లలు రాశారు.

చదివి వినిపించాను. పెద్దమ్మ కర్పూరాన్ని మళ్ళీ కాగితంలో చుట్టింది.

"ఇగ ఎవలు రాస్తరు తియ్," అంది.

హారతి ఇవ్వకుండా మరో గ్రంథం ఎత్తుకునే ఆనవాయితీ మాకు లేదు. మర్నాడు మళ్ళీ మొదటి అధ్యాయమే తెరిచాను. పెద్దమ్మ వచ్చి ఎప్పటిలాగే చేతులు జోడించి కూర్చుంది. రాత్రి తిన్నావా అని నేను అడగలేదు.