గారెల కింద కాగితం

కెనడాలో మేముండే రెజైనా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు నేనొక మెసేజ్ పెట్టాను. మా బేస్‌మెంట్‌లో ఉన్న అమ్మాయి ఒక పెద్దాయన కాగితాలు పారేసిందనీ, రూమ్ ఇచ్చేవాళ్ళు చూసుకుని ఇవ్వాలనీ రాశాను. పేరు రాయలేదు కానీ ఎవరో అందరికీ తెలిసింది. ఆ మెసేజ్ అబద్ధం. అది చదివినవాళ్ళు కొందరైనా దీన్ని చదవాలని ఇప్పుడు రాస్తున్నాను.

ఆ ఇల్లు నేను ఒక హంగేరియన్ పెద్దాయన దగ్గర కొన్నాను. భార్య పోయాక ఆయన నాలుగు వీధుల అవతల ఉన్న వృద్ధుల నివాసానికి మారారు. అక్కడ ఒకటే గది. అందుకని బేస్‌మెంట్‌లో మూడు అట్టపెట్టెలు ఉంచుకోనిమ్మని అడిగారు. జాగ్రత్తగా ఉంచమన్నారు, సరేనని మాటిచ్చాను. వాటిలో ఉన్నది ఆయన పుట్టిన వోష్ కౌంటీ చరిత్ర. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. హంగేరీకి పడమటి అంచున, ఆస్ట్రియాని ఆనుకుని ఉంటుంది. ముఖ్యపట్టణం సోంబత్‌హెయ్. మనవలకి హంగేరియన్ రాదు కాబట్టి ఆయన దాన్ని ఇంగ్లీషులో, గీతల కాగితాల మీద చేత్తో రాస్తూ వచ్చారు. రాసినవి నలగకుండా పాత హంగేరియన్ పత్రికల మడతల్లో పెట్టేవారు.

కాలేజీలకి మన పిల్లలు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. ఒక్క బేస్‌మెంట్ గది ఖాళీ అయితే పదిమంది ఫోన్ చేసేవారు. మా దగ్గరికి వచ్చినామెకి ముప్ఫై దగ్గర పడుతున్నాయి. సూర్యాపేట దగ్గర స్కూల్లో సోషల్ చెప్పి, ఇక్కడ సప్లై చెయిన్ డిప్లొమాలో చేరింది. కింద పొయ్యి లేదు, వంటకి పైకి మా కిచెన్‌లోకే వచ్చేది. నన్ను అంకుల్ అని, మా ఆవిడని అక్క అని పిలిచేది. మా ఇద్దరిదీ ఒకే ఈడు కదమ్మా అంటే, "అక్కకు తెల్ల వెంట్రుకలు లేవు కద అంకుల్" అంది. మా ఆవిడ వారం రోజులు ఆ మాట తలుచుకుని నవ్వింది.

పెద్దాయన శనివారం ఉదయాలు వచ్చేవారు. ఆయన చదువుతుంటే ఆమె లాప్‌టాప్‌లో టైప్ చేసేది. సోంబత్‌హెయ్ అంటే శనివారపు చోటు అని అర్థమట. శనివారం సంత జరిగిన ఊరు కాబట్టి ఆ పేరు. రోమన్లు వేసిన రాతిబాట ముక్క ఇప్పటికీ అక్కడ ఉందనీ, చిన్నప్పుడు దాని మీద నడిచాననీ చెప్పేవారు. ఆమె ఊరికే టైప్ చేసేది కాదు. ఆ బాట ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఎవరు ఏం మోసుకెళ్ళేవారని అడిగి ఆపేది. సూర్యాపేట కూడా రోడ్డు మీద బతికిన ఊరేనని ఆయనకి చెప్పేది. పైన కాఫీ తాగుతూ నేను వినేవాణ్ణి. తన స్కూలు వదిలొచ్చాక ఆమె గొంతులో ఆ హుషారు శనివారాలే వినిపించేది.

ఒక ఆదివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. చాలామందిని పిలిచాం. గారెలు తీయడానికి పేపర్ తెమ్మంది మా ఆవిడ. మనకి గారె పేపర్ మీద పడితేనే నూనె వదిలినట్టు. ఈ దేశంలో ఇంటికి పేపర్ ఎవరు వేయించుకుంటారు? టిష్యూలు అయిపోయాయి. కింద పెట్టెల్లో పత్రికలున్నాయని గుర్తొచ్చింది. ఆమె కాఫీ షాపులో షిఫ్ట్‌కి వెళ్ళింది. ఒక కట్ట తెచ్చాను. చాల్లేదు. రెండోసారి వెళ్ళినప్పుడు మడతల్లోంచి గీతల కాగితాలు జారాయి. నీలం ఇంకు, చేతిరాత. చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు. పైన డోర్‌బెల్ మోగుతోంది, మూకుడులో వాయి మాడుతోందని కేక వినిపిస్తోంది. టైప్ అయిపోయినవే అయ్యుంటాయని నాకు నేనే చెప్పుకుని అన్నీ కలిపి పట్టుకొచ్చాను. సాయంత్రానికి అవి చెత్త సంచిలో చేరాయి. మర్నాడు లారీ తీసుకెళ్ళిపోయింది.

ఆ వారమంతా శనివారం రాకూడదని కోరుకున్నాను. వచ్చింది. కింద పెట్టె మూత తీసిన చప్పుడు, తర్వాత కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఆయన గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. వెనకాల ఆమె. పోయింది సోంబత్‌హెయ్ భాగం. టర్కుల భయానికి వోష్‌వార్ అనే పాత ఊరి చర్చివాళ్ళు తమ దగ్గరున్న దస్తావేజులన్నీ సోంబత్‌హెయ్‌కి తరలించిన కథ అందులో ఉంది. ఇంకా టైప్ కాలేదు. వేరే కాపీ లేదు. పెట్టెలు ఎవరైనా ముట్టుకున్నారా అని నన్నడిగారు.

"ఆ గది ఈమెదే కదా. మొన్న సర్దుకున్నట్టుంది" అన్నాను.

ఆమె నా వంక చూసింది. నోరు తెరుస్తుందనుకున్నాను. తెరవలేదు. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఆమె నలుగురికీ చెప్పేస్తుందని భయం పట్టుకుంది నాకు. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాను. ముందు నా మాటే అందరికీ చేరాలని గ్రూపులో ఆ మెసేజ్ పెట్టాను. ఆమె ఎక్కడికి ఫోన్ చేసినా రూమ్ లేదన్నారు. చివరికి సెమిస్టర్ మధ్యలో వదిలేసి ఎక్కడో దూరాన ఒషావా అనే ఊళ్ళో ఉన్న స్నేహితురాలి దగ్గరికి బయల్దేరింది. వెళ్తూ ప్లాస్టిక్ కవర్లో మడిచిన కాగితం ఒకటి ఇచ్చింది. నూనె మరకల మధ్య నీలం ఇంకు.

"వ్రతం నాడు మెట్ల మీద నాకు ప్లేట్ పెట్టిన్రు కద అంకుల్, గారెల కింద ఉండె. ఆయనకు మీరే ఇయ్యండి."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగే హక్కు ఉన్నట్టే అడిగాను.

"శనివారం దాక చూసిన, మీరే చెప్తరని. మీరు అట్ల అన్నంక నేను చెప్తే ఎవరు నమ్ముతరు?"

ఆ వారంలోనే వృద్ధుల నివాసానికి వెళ్ళాను. దారిపొడుగునా నిజం చెప్పాలనే అనుకున్నాను. తీరా ఆయన ముందు కూర్చున్నాక, ఎక్కడో దొరికిందన్నాను. ఆయన కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇది వంట నూనె. ఆ ఇల్లు కట్టింది నేను. కింద పొయ్యి లేదు" అన్నారు.

అప్పుడు చెప్పాను, అంతా. ఆయన తిట్టలేదు. ఆమె ఎక్కడుందని మాత్రం అడిగారు. అక్కడే, ఆయన ఎదుటే ఫోన్ చేశాను. నా నంబర్ బ్లాక్ చేసి ఉంది. మా ఆవిడ ఫోన్‌ కూడా ఆమె ఎత్తలేదు.

ఆయన ఆ భాగం మళ్ళీ రాయలేకపోయారు. మరుసటి చలికాలంలో పోయారు. మిగిలినదాన్ని ఆయన కూతురు పుస్తకంగా కుట్టించింది, మా బేస్‌మెంట్ అమ్మాయి ఆయనకి టైప్ చేసి ఇచ్చిన మాటలతోనే. నా మెసేజ్ నేను అప్పుడే తీసేశాను. తీసేశానే కానీ తప్పని ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ అదే నా రెండో అబద్ధం.

నిజం చెప్పిన ఆ రోజు నేను లేచి వస్తుంటే ఆయన ఆ పేజీని నా చేతికే తిరిగిచ్చారు. ఆమె వచ్చి తీసుకునేదాకా జాగ్రత్తగా ఉంచమన్నారు. మూడు పెట్టెలప్పుడు అన్న మాటే మళ్ళీ అన్నారు, అదే గొంతుతో. ఆమె ఏ కాగితమూ పారేయలేదు. పారేసింది నేను. ఆమె దాచిన పేజీ నా దగ్గర ఉంది.