పద్నాలుగు బైట్లు కనిపెట్టిన పెంచలయ్య అన్న

నిన్న పొద్దున డ్యూటీకి వస్తుంటే పెంచలయ్య అన్న నంబర్ నుంచి ఫోన్.

ఎత్తగానే "అన్నా, మొన్నటి ఫైలు పాసైంది, నువ్వు చెప్పినట్టే చేసినా" అని నా పాటికి నేను చెప్పుకుపోయాను.

అవతల వాళ్ళబ్బాయి.

"అక్కా, నాయన లేడు. తెల్లారుజామున గుండెలో నొప్పన్నాడు. ఆసుపత్రికి పోయేలోపే అయిపోయింది."

మనుబోలు దగ్గర స్కూటీ పక్కకు ఆపేశాను. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. వెంకటాచలం దగ్గర మా రొయ్యల ప్లాంట్‌లో కంప్యూటర్లన్నీ అన్నే చూసేవాడు. ఏ అర్ధరాత్రి ఏది ఆగిపోయినా ఫోన్ ఆయనకే. కోపం ఎక్కువ. నోరు ఇంకా ఎక్కువ.

నేను చేరిన మొదటి వారం. రొయ్యల్లో యాంటీబయాటిక్స్ లేవని ల్యాబ్ ఒక రిపోర్టు ఇస్తుంది, డిజిటల్ సంతకంతో. దాన్ని కొనేవాళ్ళ సిస్టమ్‌లోకి ఎక్కించడం నా పని.

ల్యాబ్ సిస్టమ్ సంతకం బాగానే ఉందంటుంది. కొనేవాళ్ళ సిస్టమ్ చెల్లదంటుంది. తప్పు మీదంటే మీదని రెండు సాఫ్ట్‌వేర్ల వాళ్ళూ పొద్దుటి నుంచి ఫోన్లో ఒకటే వాదన.

ఈలోగా చిట్టమూరు రైతు ఒకాయన పంటంతా ఐస్‌లో ఉంది. సాయంత్రంలోపు రిపోర్టు పాస్ కాకపోతే ఆ సరుకు వద్దన్నారు. ఆయన ఆఫీసు మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళందరినీ "ఏమన్నా తెలిసిందా సార్" అని అడుగుతున్నాడు.

అన్న వచ్చాడు. ఎవరి మాటా వినలేదు. ల్యాబ్‌లో ఉన్న ఫైలు, నేను పంపిన ఫైలు పక్కపక్కన పెట్టి సైజు చూశాడు.

"పద్నాలుగు బైట్లు ఎక్కువుండాది. యాడి నుంచి వచ్చినాయి పాపా ఇవి?"

ఫైలు తెరిచాడు. అన్నిటికన్నా పైన, మొదటి వరసలో, "శ్రీ".

రాసింది నేనే. లాట్ నంబర్ సరిచూద్దామని తెరిచాను. శ్రీ లేని కాగితం మా అమ్మ ముట్టదు. ఆ అలవాటు కొద్దీ రాసి, సేవ్ కొట్టి పంపేశాను. సంతకం పడ్డాక ఒక్క అక్షరం చేరినా చెల్లదని నాకు తెలియదు.

తిడతాడనుకున్నాను.

"లచ్చిందేవైనా సరే, సంతకం అయినాక లోపలికి రాగూడదు పాపా" అన్నాడు, మెల్లగా.

ల్యాబ్ నుంచి ఫైలు మళ్ళీ తెప్పించి, తెరవకుండా పంపించాడు. పాసైంది. రైతు వచ్చి చేతులు పట్టుకుంటే "నాదేముంది, పోయి అన్నం తిను ముందు" అని పంపేశాడు.

తప్పెవరిదని మేనేజర్ అడిగితే "దోవలో ఫైలు మారింది, సరిచేసినాను" అన్నాడు. అంతే. నా ఉద్యోగం ఆ ఒక్క మాట మీద నిలబడింది.

మర్నాడు ఒక నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పడేశాడు. "శ్రీ ఇందులో రాసుకో. ఎన్ని కావాలంటే అన్ని రాసుకో."

అప్పటి నుంచి ప్రతి లాట్‌కూ ముందు అందులో శ్రీ రాసి, ఆ తర్వాతే ఫైలు పంపుతాను. ఇప్పుడున్నది నాలుగో పుస్తకం. నాలుగూ ఆయన తెచ్చినవే.

ఈ నాలుగు మాటలూ ముందు అందులోనే రాసుకున్నాను. కొత్త పేజీ తీయగానే చెయ్యి అలవాటుగా పైకి పోయింది.

చావు కబురు మీద శ్రీ రాయరు కదా.

మొదటిసారి ఆ వరస ఖాళీగా వదిలేశాను అన్నా.

ఇక ఏ ఫోనూ నిన్ను లేపదు. నిమ్మళంగా నిద్రపో.