గుడేయా ఇటుక, బాపు నంబరు

మా చిన్నప్పుడు... సౌదీలో ఒక శుక్రవారం పొద్దున, జుబైల్‌లోని మా రెండు గదుల ఇంట్లో, అమ్మ రొట్టెల పీట మీద నేను మట్టి ఇటుకలు చేస్తున్నాను. బళ్లో ప్రాజెక్టు. పాతకాలపు రాజు ఒకరి గురించి చెప్పాలి. లైబ్రరీ పుస్తకంలో నాకు దొరికిన రాజు గుడేయా... నాలుగు వేల ఏళ్ల కిందట, ఇప్పటి ఇరాక్ ఉన్నచోట, లగష్ అనే సుమేరు నగరాన్ని ఏలినవాడు.

బాపు పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన పైపులైన్ల వెల్డర్. అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డులో 'టెక్నీషియన్' అని పడింది కాబట్టి అమ్మనూ నన్నూ జగిత్యాల నుంచి తెచ్చుకోగలిగాడు. ఆ కార్డు ఉన్నన్నాళ్లే మా ఇల్లూ, నా బడీ.

"ఏందే బిడ్డా, ఇటుక మీద గీ గీతలు?"

"రాజు పేరు బాపు. గుడి కట్టినప్పుడు ఇటుకల మీద తన పేరు అచ్చేయించిండు. గోడ లోపలి వాటి మీద గూడ."

"లోపలుంటే ఎవలు సూస్తరు?"

"దేవుడు సూస్తడట. నీ పేరు ఏడన్న ఉంటదా బాపు?"

"నాకు పేరెందుకే... నంబరుంటది. డబ్ల్యూ నలభై ఏడు."

ఏ అతుకు ఎవరు వేశారో తెలియాలని ప్రతి వెల్డరూ తన జాయింట్ పక్కన పెయింట్ మార్కర్‌తో తన నంబరు రాయాలి. రేపు అక్కడ లీకైతే ఆ నంబరునే పట్టుకుంటారు. నవ్వుతూనే చెప్పాడు కానీ, టీ చల్లారిపోయేదాకా ఆ ఇటుకను తిప్పి తిప్పి చూశాడు.

రెండు రోజుల తర్వాత బాపు మధ్యాహ్నానికే ఇంటికొచ్చేశాడు. ఒక జాయింట్ పక్కన నంబరు బదులు తన పేరు రాశాడట... అదీ తెలుగులో! నలభై ఏళ్ల మనిషి, పలకా బలపం దొరికిన పిల్లాడిలా. తనిఖీకి వచ్చిన పాకిస్తానీ ఇన్‌స్పెక్టర్ అవేం అక్షరాలని అడిగితే, బాపే చెయ్యెత్తాడు.

"ఎక్స్‌రేల తేడా వస్తే ఫైనల్ ఎగ్జిటే, ఇగ ఊరికి పంపుడే అన్నరు," అని అమ్మతో మెల్లగా చెప్పాడు.

అమ్మ తిట్టాల్సినవన్నీ తిట్టి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. ఇదంతా నా వల్లే అనిపించి, ఇటుకలన్నీ తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాను. బాపు వాటిని ఏరి తెచ్చి కిటికీలో పెట్టాడు.

"రాజుదేం తప్పులేదు బిడ్డా. నా చెయ్యి మీద నాకు నమ్మకముంది," అన్నాడు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు. మర్నాడు రిపోర్టు వచ్చింది... జాయింట్‌లో చిన్న మచ్చ కూడా లేదు!

"నామ్ మిటా దో ఉస్తాద్, నంబర్ లిఖో," అన్నాడట ఆ ఇన్‌స్పెక్టర్, కాస్త బాధగానే. బాపు తన పేరును తన చేత్తోనే తుడిచి, నంబరు రాశాడు. దాని మీద ఇన్సులేషన్ చుట్టి రేకు కప్పేశారు. ఉద్యోగం నిలిచింది, నా బడి నిలిచింది. ప్రాజెక్టులో నాకు రెండో బహుమతి కూడా వచ్చింది. బాపు మాత్రం మళ్లీ ఎప్పుడూ ఆ ఇటుకల సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు నేనూ జుబైల్‌లోనే ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. బాపు పోయి మూడేళ్లయింది. మా సైట్లలో చేత్తో నంబర్లు రాయడం కూడా తగ్గింది, అంతా స్టిక్కర్లూ స్కానర్లూ. సాయంత్రం బాపు పనిచేసిన ప్లాంటు కంచె పక్కగా వెళ్తుంటే వెండి రేకుల పైపులు మెరుస్తుంటాయి. వాటిలో ఏది బాపుదో తెలియదు. గుడేయా పేరు మట్టిలోంచి తవ్వితే దొరికింది... మా బాపు పేరు ఎంత తవ్వినా దొరకదు.

మీ ఇళ్లల్లోనూ నంబరుగా బతికినవాళ్లు ఉండే ఉంటారు. కింద వాళ్ల పేరు రాయండి... ముందు నేను రాస్తున్నాను.

డబ్ల్యూ-47... పోశెట్టి.