విడుపు లేని పథ్యం

1968లో నేను విజయనగరంలో ఒక సర్కారు ఆసుపత్రిలో నర్సుని. సర్జికల్ అవుట్ పేషెంట్‌లో డ్యూటీ. అవుట్ పేషెంట్ అంటే మంచం ఎక్కకుండా, వచ్చి చూపించుకుని వెళ్ళిపోయేవాళ్ళ విభాగం. పొద్దున్న తలుపు తీసేసరికే వరండా నిండిపోయేది. రైలు దిగినవాళ్ళు, బస్సు దిగినవాళ్ళు, రాత్రే వచ్చి అరుగు మీద పడుకున్నవాళ్ళు. పెద్ద డాక్టరుగారి దాకా వెళ్ళాలంటే ముందు నన్ను దాటాలి. బరువు చూడడం, కట్టు విప్పడం, కట్టు కట్టడం, తిట్లు తినడం అన్నీ నా పనే. మధ్యాహ్నానికి కాళ్ళు దుంగల్లా అయిపోయేవి. నర్సు ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడాలని మాకు ట్రైనింగులో చెప్పారు. చెప్పినావిడ ఆ వరండాలో ఒక్క పూట కూడా నిలబడలేదు.

ఇప్పటికీ ఎవరైనా కలిస్తే ఆపరేషన్ కబుర్లు చెప్పమంటారు. కత్తి, నెత్తురు, చావు తప్పి బతికినవాళ్ళు, వాళ్ళకి కావలసింది అదే. అవి చాలానే చూశాను, చాలా మరిచిపోయాను కూడా. మరిచిపోనిది ఒక వంట మేస్త్రి భోజనం సంగతి.

ఆయన పేరు సింహాచలం. పొందూరు దగ్గర ఒక పల్లె. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళంటే వంట ఆయనదే. పనసపొట్టు కూరకి ఆయన ఆవ పెడితే పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడన్నది ఎవరూ పట్టించుకోరని చెప్పుకునేవారు. మొదటిసారి వచ్చినప్పుడు మనిషి కంటే ముందు పొట్ట వచ్చింది గదిలోకి. బొడ్డు దగ్గర నిమ్మకాయంత వాపు, దాని మీద ఖద్దరు తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. హెర్నియా. కడుపు గోడ ఒకచోట పలచబడి, లోపలి పేగు అక్కడి నుంచి బయటికి తోసుకు రావడం అన్నమాట.

పెద్ద డాక్టరుగారు నొక్కి చూసి, "ఇంత కొవ్వు మీద నేను కుట్టు వెయ్యను. వేసినా నిలవదు. ముందు బరువు తగ్గి రా" అన్నారు. అని ఆయన్ని నాకు అప్పగించారు.

ఏం తినాలో నేను చెప్పాను. చోడి అంబలి, అదే రాగి అంబలి, మజ్జిగ, ఆకుకూరలు, అన్నం ఒక్క పూట. నూనె, నెయ్యి, తీపి ముట్టకూడదు. ఇలాంటివి ఎందరికో చెప్పాను, వాళ్ళు బుద్ధిగా తలూపి బయటికెళ్ళి ఎదురుగా బండి మీద బజ్జీలు తినడం కిటికీలోంచి చూశాను. ఈయనా అంతేననుకున్నాను. కాదు. వచ్చిన ప్రతిసారీ తగ్గి వచ్చాడు. కిలోల లెక్క ఆయనకి ఎక్కేది కాదు, పాత తూకమే తెలుసు. "వీశల్లో సెప్పమ్మా" అనేవాడు. వీశల్లో చెబితే భార్య పైడమ్మ వైపు చూసి మీసం దువ్వేవాడు.

పెళ్ళిళ్ళ వంటలు మాత్రం మానలేదు. గరిటె నోటి దాకా రాకుండా, వాసన చూసి, చేతి అందాజుతో వండేవాడు. వానలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి ఆపరేషన్‌కి పనికొచ్చాడు. ఆపరేషన్ బాగా జరిగింది.

ఇంటికి పంపే రోజున డాక్టరుగారికి దండం పెట్టి, "బాబూ, పథ్యానికి ఇడుపెప్పుడు?" అని అడిగాడు.

ఈ మాట మా ప్రాంతం బయట పుట్టినవాళ్ళకి కొంచెం చెప్పాలి. మా దగ్గర పథ్యానికి మొదలూ చివరా ఉంటాయి. పచ్చకామెర్లకి పసరు పోసేవాడు ఏం తినకూడదో చెబుతాడు, ఏ రోజున విడవాలో కూడా చెబుతాడు. ఆ రోజు తలంటు పోసుకుని, ఇష్టమైనది వండించుకుని, కడుపు పట్టినంత తిని పథ్యం విడుస్తారు. అక్కడితో రోగం సరి, పథ్యం సరి. బరువు తగ్గమన్నా మావాళ్ళు అదే లెక్క వేసేవారు. తగ్గాక విడుపు చేసుకునేవారు. విడుపు ఒక పూటతో ఆగేది కాదు, పొట్ట మళ్ళీ వచ్చేది, కుట్టు ఊడేది. వేసిన కుట్టే మళ్ళీ వేసి వేసి డాక్టరుగారు విసిగిపోయి ఉన్నారు.

"నీ పథ్యానికి విడుపు లేదు. ఉన్నన్నాళ్ళూ ఇంతే. పొట్ట పెరిగితే కుట్టు ఊడుతుంది, ఊడితే నా దగ్గరికి రాకు" అన్నారు.

సింహాచలం ఇంకోసారి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఎండాకాలం పెళ్ళిళ్ళ మధ్యలో ఒక రోజు పైడమ్మ ఒక్కతే వచ్చింది. వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక నా ముందు కూర్చుంది. ఒంట్లో ఏమిటని అడిగాను.

"నాకేటి నేదమ్మా. మా మావకి పన్నేదు" అంది.

"పని లేకపోవడానికి ఇక్కడ మందు లేదు పైడమ్మా. వెనకాల ఎంతమంది ఉన్నారో చూడు" అన్నాను. నిజంగానే నాకు ఓపిక లేదు.

ఆమె కదలలేదు. "ఆకరి బంతిలో కూకోడం నేదమ్మా. పెళ్ళోరు సెయ్యట్టుకుని లాగినా కూకోడం నేదు. ఒండినోడు తినని కూడు మనకేటని ఒకింట్లో అనీసినారు. ఆ మాట ఊరూరా ఎల్లిపోనాది."

అప్పుడు నాకు అర్థమైంది. మా వైపు పెళ్ళిళ్ళలో అందరి భోజనాలూ అయ్యాక ఆఖరి బంతిలో వంటవాళ్ళు కూర్చుంటారు. ఇంటి యజమాని స్వయంగా వడ్డిస్తాడు. మేస్త్రి విస్తరి ముందు కూర్చుంటేనే ఆ వంట సక్రమంగా అయినట్టు, ఆ ఇంటికి తృప్తి కలిగినట్టు. కూర్చోకపోతే యజమానిని అవమానించినట్టే. వంటలో ఏదో ఉందని అనుమానించేవాళ్ళూ ఉంటారు.

"ఇంకోటమ్మా" అని పైడమ్మ గొంతు తగ్గించింది. "మొన్న పందిరెనకాల సూసేను. ఒక్కడూ కూకుని బూరెలు తింతన్నాడు. మనిసి తిన్నట్టు నేదు. ఏడుస్తా తింతన్నాడు."

ఆయన్ని తీసుకురమ్మన్నాను.

రెండు రోజులకి ఇద్దరూ వచ్చారు. సింహాచలం బరువు మిషన్ ఎక్కనంటాడు. గద్దిస్తే ఎక్కాడు. పెరిగాడు, మరీ ఎక్కువ కాదు. వీశల్లో చెప్పమని ఈసారి అడగలేదు.

"పందిరి వెనకాల ఏం చేస్తున్నావు మేస్త్రీ?"

భార్య వైపు చూశాడు. "సెప్పీసినావేటి?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏటి సెయ్యమంటావమ్మా. తింతే కుట్టూడిపోతాది. తినకపోతే పొయ్యారిపోతాది. నాకింకో పని రాదు. ఏదో ఒకటి నువ్వే సెప్పీ."

డాక్టరుగారి గదిలోకి వెళ్ళి అడిగాను. ఆయన చేతులు కడుక్కుంటూ, తల తిప్పకుండానే, "నాకు కొయ్యడం వచ్చు, కుట్టడం వచ్చు. అతని విస్తట్లో ఏం పడాలో నాకెలా తెలుస్తుంది? బరువు మాత్రం పెరగనివ్వకు. ఎలా చేస్తావో నీ ఇష్టం" అన్నారు. కోపంగా అనలేదు. ఆయన కూడా అలిసిపోయారు.

రోగులు తగ్గాక వరండా బల్ల మీద వాళ్ళ పక్కన కూర్చున్నాను. టీ తాగుతూ, లావుగా ఉన్న రోజుల్లో పెళ్ళినాడు ఏమేం తినేవాడివో చెప్పమన్నాను. ఆయన నోరు తెరిచేలోగా పైడమ్మ అందుకుంది.

"బంతిలో తినీది ఎంతమ్మా. పొయ్యికాడ తినీదే ఎక్కువ. గారెలు ఏగుతుంటే నాలుగు, బూరెలు తీస్తుంటే నాలుగు. పప్పు గరిటెడు, పులుసు గరిటెడు. మర్నాడు మిగిలింది ఇంటికి తెచ్చి మల్లా తినీవోడు."

"రుసి సూడకపోతే ఎలగే?" అన్నాడాయన.

"గారెకి రుసేటి? నాలుగు గారెలకీ నాలుగు రుసులున్నాయేటి?"

నాకు నవ్వొచ్చింది. ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు. పెళ్ళిళ్ళు ఏడాది పొడుగునా ఉంటాయా అని అడిగాను. ఎందుకుంటాయి? ఆషాఢంలో లేవు, మూఢంలో లేవు, ముహూర్తాలు ఉన్న నెలల్లోనూ రోజూ లేవు. లెక్క చూస్తే ఆయన విందు కూర్చోవలసిన రోజులు చాలా తక్కువ. లావెక్కించింది ఆ రోజుల్లో పొయ్యి దగ్గర తిండి, ఆ మర్నాటి తిండి.

"తిన్నాక మర్నాడు ఏటి సెయ్యాల? మల్లా పస్తేనా?" అన్నాడు సింహాచలం.

"పస్తేటి, నాను శనారం శనారం ఒక్కపొద్దుంతన్నాను. సచ్చిపోనానేటి?" అంది పైడమ్మ.

ఆ మాట పట్టుకున్నాను నేను. ఒక్కపొద్దు అంటే ఒక్క పూటే తినడం, అది మావాళ్ళకి చిన్నప్పటి నుంచీ అలవాటు. దానికి విడుపు ఉండదు, ఎవరూ అడగరు. వారం వస్తుంది, ఉంటారు, మళ్ళీ వారం వస్తుంది.

"మేస్త్రీ, పథ్యం మాట ఈ రోజుతో వదిలెయ్. పొయ్యి దగ్గర ఏదీ తినకు. ఆఖరి బంతిలో కూర్చుని, అందరూ చూస్తుండగా సుఖంగా తిను. ఒక్క విస్తరి. మర్నాడు ఒక్కపొద్దు, చోడి అంబలి. మామూలు రోజుల్లో ఇప్పుడు తింటున్నట్టే."

"బూరెలు?"

"రెండు."

"నెయ్యో?"

"నెయ్యి లేకుండా బూరె ఎవడు తింటాడు మేస్త్రీ" అన్నాను. మనిషి మొహం విప్పారింది. అయినా నమ్మకం కుదిరినట్టు లేదు. వెళుతూ వెళుతూ కుట్టు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు.

ఆ సీజన్‌లోనే ఆమదాలవలసలో ఒక ధాన్యం వ్యాపారి ఇంట్లో పెళ్ళి. నాతో పనిచేసే నర్సుకి వాళ్ళు చుట్టాలు, రమ్మని ప్రాణం తీసింది. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర కళ్ళతోనే రైలెక్కాను. వెళ్ళేసరికి వంట సింహాచలానిదే. పైడమ్మ ఆ ఇంటి చుట్టూ తిరిగి, వాళ్ళని బతిమాలి సంపాదించిన పెళ్ళి అది. ఈసారీ మేస్త్రి కూర్చోకపోతే ఇక ఎవరూ పిలవరని ఆమె నా చెవిలో చెప్పింది.

ఆఖరి బంతి వేశారు. సింహాచలం కాళ్ళు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. పక్కన ఆయన రెండో మేస్త్రి అప్పన్న, ఆయన వయసువాడే. పెళ్ళివారి పెద్దాయన పంచె ఎగ్గట్టి వడ్డనకి దిగాడు. అన్నం, పప్పు, పనసపొట్టు కూర.

సింహాచలం కూర కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుట్టు నొప్పేమోనని నేను రెండడుగులు ముందుకు వేశాను.

"ఆవ మండిపోతన్నాది" అన్నాడు మెల్లగా. "ఉప్పు కూడాను. ఒరే అప్పన్నా, ఇది నాను ఒండిందేనా?"

అప్పన్న తల దించుకున్నాడు.

"బాగుందిలేరా, తిను" అన్నాడు పెద్దాయన.

"బాగునేదు బాబూ. నా నోటికి తెలీదేటి?" అని అప్పన్న వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళ నుంచిరా ఇలగ?"

"నువ్వు తినడం మానీసిన కాణ్ణుంచి" అన్నాడు అప్పన్న.

"మరి సెప్పవేటిరా?"

"సెప్తే రుసి సూస్తావు కదా బావా. సూస్తే తింతావు. కుట్టూడిపోతాదని సెప్పనేదు."

ఇన్నాళ్ళూ పని పోయింది బంతిలో కూర్చోకపోవడం వల్లే అనుకున్నాడు సింహాచలం. నేనూ అదే అనుకున్నాను. కూర కూడా పాడైందని తెలిసినవాళ్ళు కొందరు మర్యాదకి చెప్పలేదు, అప్పన్న ప్రేమకి చెప్పలేదు. సింహాచలం ఎడమ చేత్తో అప్పన్న భుజం పట్టుకుని, కుడి చేత్తో ఆ మండే కూరంతా తిన్నాడు. తర్వాత రెండు బూరెలు, చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుని, కళ్ళు మూసుకుని తిన్నాడు. పెద్దాయన మూడోది వెయ్యబోతే విస్తరి మడిచేశాడు.

"రేపు ఒక్కపొద్దు బాబూ" అన్నాడు. పెద్దాయన బలవంతం చెయ్యలేదు. పక్కనే నిలబడ్డ పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత వచ్చినప్పుడు, కూర చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకోవచ్చా అని అడిగాడు. రాసుకోమన్నాను. పనులు మళ్ళీ వచ్చాయి, ఒకేసారి కాదు, మెల్లగా. బరువు ఒక్కోసారి కాస్త పెరిగేది, ఒక్కపొద్దులతో మళ్ళీ దిగేది. నేను అక్కడున్నన్నాళ్ళూ కుట్టు ఊడలేదు.

నాకు పెద్ద జ్ఞానోదయమేమీ కాలేదు. ఆ తర్వాతా అవే కట్లు కట్టాను, అవే మాటలు చెప్పాను, చాలామంది వినలేదు. ఒక్కటి మాత్రం మారింది. బరువు తగ్గమని ఎవరిని పంపినా, ఏం మానాలో చెప్పేముందు, ఏ భోజనం మానలేవో చెప్పమని అడిగేదాన్ని. మనిషిని తిండి తగ్గించమనడం సులువు. ఆ విస్తరికి అటూ ఇటూ ఎవరెవరు కూర్చుని ఉన్నారో అడగకుండా ఆ మాట అనకూడదు.