పచ్చబడిన కెంపు

కోలారు బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన కొత్తలో మావారు అక్కడ బంగారం నాణ్యత పరీక్షించే గదిలో పనిచేసేవారు. దగ్గర్లోని ఆవని అనే ఊళ్లో ఒక పెళ్లిలో మా వదిన అందరి ముందూ నా ఉంగరం చూసి, “ఇది కెంపేనామ్మా, నేరేడు పండా?” అని నవ్వింది. అది మా అమ్మ నాకు మిగిల్చిపోయిన ఒకే ఒక్క రాయి. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

బాగా కాలిస్తే కెంపులోని నీలిఛాయ పోతుందని మావారు ఎక్కడో చదివారు. ఆయన పనిచేసే గదిలో కొలిమి ఉన్నా, రాయిని గనిలోకి తీసుకెళ్తే గేటు దగ్గర సోదా చేస్తారు. అందుకని రాయిని ఊడదీసి, బంగారం కరిగించే మట్టి మూసలో పెట్టి, పెరట్లోనే బొగ్గుల కొలిమి ఊదారు. బంగారం పనిలో వేడిమీదే మూత తీసే అలవాటు కదా, ఇక్కడా అలాగే తీసేశారు. లోపల రాయి ఆకుపచ్చగా ఉంది!

“మా అమ్మ రాయిని ఏం చేసినారు?” అని అరుస్తూ చెంబుతో నీళ్లు తెచ్చాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. “పొయ్యొద్దు మే, పగిలిపోతాది! సల్లారనీ.” ఆయన ముఖమూ పాలిపోయింది.

ఏడుస్తూ అక్కడే కూర్చున్నాను. చల్లారే కొద్దీ పచ్చదనం బూడిదరంగై, చివరికి రాయి దానిమ్మ గింజలా ఎర్రబడింది. కెంపు బాగా వేడెక్కితే పచ్చబడి, చల్లారితే మళ్లీ ఎర్రబడుతుందని తర్వాత తెలిసింది. నీలిఛాయ మాత్రం తిరిగి రాలేదు.

తర్వాతి పెళ్లికి ఆ ఉంగరమే పెట్టుకుని వదిన పక్కనే కూర్చున్నాను. ఆమె తేరిపార చూసి, “కొత్తది బాగుండాది. ఇంగ మీ అమ్మ రాయి అమ్మేసినారా?” అంది.

ఈ పత్రికలో ఈ పేజీని వదిన తప్పకుండా చదువుతుంది. అమ్మలేదు వదినా, ఇది అదే రాయి!